ఫ్రిస్కోలో టోర్నడో వార్నింగ్ మన ఇంటి టీవీలో కనబడాలంటే

అడిగిన ప్రశ్న ఇది: "డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. కేబుల్ లేదు, యూట్యూబ్ టీవీ ఉంది. అమ్మానాన్న వచ్చి ఆరు నెలలుంటారు. పగలంతా యప్ టీవీలో తెలుగు చానళ్లే నడుస్తాయి. మొన్న సైరన్ మోగింది, టీవీలో మాత్రం ఏమీ రాలేదు. కంగారుగా లోకల్ చానల్ పెడితే హ్యూస్టన్ వాతావరణం వస్తోంది. యాంటెన్నా కొనాలా? ఫోన్‌కి వచ్చే అలర్ట్ సరిపోదా? పక్క కౌంటీల గురించి గంటలకొద్దీ ఎందుకు చెబుతారు?"

సైరన్ మోగినా టీవీ పలకకపోవడంలో వింతేమీ లేదు. మీ టీవీ సెట్‌కి వార్నింగులు అందుకునే ఏర్పాటేదీ ఉండదు. అప్పుడు మీరు చూస్తున్న చానల్ వాళ్లు బొమ్మ మీద పట్టీ వేస్తేనే మీకు కనబడుతుంది. డాలస్ స్టేషన్ అయితే వేస్తుంది. హైదరాబాద్ నుంచి వస్తున్న న్యూస్ చానల్‌కి ఇక్కడి డెంటన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సుడిగాలి లేచిందని తెలిసే దారే లేదు. నెట్‌ఫ్లిక్స్, ఆహా, యూట్యూబ్ వీడియోలు, రికార్డు చేసుకున్న కార్యక్రమాలు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. కేబుల్ బాక్సు, డిష్ ఉన్న ఇళ్లలో కథ కొంచెం వేరు. ఎమర్జెన్సీ అలర్ట్ సిస్టమ్ అనే ప్రభుత్వ వ్యవస్థలో రేడియో, టీవీ స్టేషన్లతో పాటు కేబుల్, శాటిలైట్ కంపెనీలు కూడా భాగం. ఏ చానల్ చూస్తున్నా కేబుల్ వాళ్లు పట్టీ వేయడమో, బలవంతంగా చానల్ మార్చడమో చేయగలరు. దేశాధ్యక్షుడి స్థాయి సందేశం వేయడం తప్పనిసరి, స్థానిక వాతావరణ హెచ్చరికలు వేయడం మాత్రం స్వచ్ఛందం. ఇంటర్నెట్ మీద నడిచే సర్వీసులు ఈ వ్యవస్థలోకే రావు. కేబుల్ తీసేసి స్ట్రీమింగ్‌కి మారిన ఇళ్లలో మనకు తెలియకుండా పోయిన సౌకర్యం ఇదే.

కాబట్టి పనిని రెండుగా విడదీసుకోండి. లేపడం ఒకటి. ఎక్కడుంది, ఎటు వెళ్తోంది, మన దాకా ఎప్పుడొస్తుంది అని చూపించడం రెండోది. మొదటి పనికి టీవీని నమ్ముకోవద్దు, అది ఫోనూ వెదర్ రేడియో (వాతావరణ హెచ్చరిక రాగానే మోగే చిన్న రేడియో) చేయాలి. రెండో పనిలో మాత్రం లోకల్ స్టేషన్‌ని మించింది లేదు.

ముందు హ్యూస్టన్ సంగతి. యూట్యూబ్ టీవీ మీ ఊరిని ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా బట్టి ఊహిస్తుంది. మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే హోమ్ ఇంటర్నెట్ బాక్సు వాడుతుంటే ఆ ట్రాఫిక్ వేరే నగరం నుంచి బయటికి వెళ్తుంటుంది, అందుకే డాలస్ బదులు హ్యూస్టన్ వస్తుంది. ఆఫీసు వీపీఎన్ రౌటర్‌లోనే పెట్టుకున్నా ఇదే జరుగుతుంది. సరిచేయాలంటే టీవీలో ప్రొఫైల్ బొమ్మ, సెట్టింగ్స్, ఏరియా అనే వరుసలో వెళ్లండి. హోమ్ ఏరియా, కరెంట్ ప్లేబ్యాక్ ఏరియా అని రెండు కనబడతాయి. హోమ్ ఏరియా డాలస్ అనే ఉండి రెండోది హ్యూస్టన్ అని ఉంటే అప్‌డేట్ నొక్కి, ఫోన్‌లో అదే అకౌంట్‌తో తెరిచి, లొకేషన్ పర్మిషన్ ఇచ్చి ధ్రువీకరించాలి. ఫోన్‌లో లొకేషన్ ఆఫ్‌లో ఉంటే ఎన్నిసార్లు నొక్కినా పని కాదు, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. హోమ్ ఏరియాని మాత్రం ఊరికే మార్చి చూడకండి, దానికి ఏడాదికి ఇన్నిసార్లే అన్న పరిమితి ఉంది. ఒకసారి సరిచేసినా మొబైల్ ఇంటర్నెట్ ఉన్న ఇళ్లలో మళ్లీ తప్పుతుంది, అందుకని మార్చి నెల మొదట్లో ఒకసారి చూసుకోవడం మంచిది. ఉత్తర టెక్సస్‌లో ఏప్రిల్, మే నెలలే అసలు సీజన్.

ఏ స్టేషన్ మీ ఊరిని తన ఊరిగా చూసుకుంటుందన్నది కూడా తెలుసుకోండి. అమెరికాని టీవీ మార్కెట్లుగా, కౌంటీల లెక్కన 210 ముక్కలు చేశారు. కాలిన్, డెంటన్, డాలస్, టారెంట్ కౌంటీలు డాలస్–ఫోర్ట్‌వర్త్ మార్కెట్‌లోకి వస్తాయి. మన వాళ్లు ఇళ్ల కోసం హైవే 75 పట్టుకుని ఉత్తరానికి జరుగుతూ ఆనా దాటి వాన్ ఆల్‌స్టీన్ దాకా వెళ్తున్నారు. ఆనా కాలిన్ కౌంటీ, వాన్ ఆల్‌స్టీన్ గ్రేసన్ కౌంటీ. ఆ గీత దాటగానే మార్కెట్ షెర్మన్–ఆడా అవుతుంది. శాటిలైట్, స్ట్రీమింగ్ సర్వీసులు అక్కడి స్టేషన్లే ఇస్తాయి. అవి తమ పరిధిలోని ఓక్లహామా కౌంటీలను కూడా చూసుకోవాలి. ఇందులో తప్పేం లేదు, గ్రేసన్‌లో ఉన్నవాళ్లకి డాలస్ స్టేషన్ కంటే అవే ఎక్కువ ఉపయోగం. డాలస్ చానల్ రావట్లేదని సర్వీసు వాళ్లకి ఫోన్ చేసి పోట్లాడితే మాత్రం లాభం ఉండదు.

పక్క కౌంటీల గురించి అంతసేపు చెప్పడానికి కారణం కూడా ఇదే. డాలస్ మార్కెట్ చాలా పెద్దది. ఎక్కడో చివరి కౌంటీలో సివియర్ థండర్‌స్టార్మ్ వార్నింగ్ వస్తే మూలన చిన్న మ్యాపు, కింద పట్టీ వేసి కార్యక్రమం నడిపిస్తారు. జనం కిక్కిరిసిన కౌంటీలో టోర్నడో వార్నింగ్ వస్తే అన్నీ ఆపేసి నేరుగా వాతావరణం చెబుతారు. 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డాలస్ మీద ఈఎఫ్3 (0 నుంచి 5 దాకా ఉండే తీవ్రత కొలతలో 3) టోర్నడో పడింది. ఆ సమయంలో ఎన్‌బీసీ స్టేషన్‌లో కౌబాయ్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. వార్నింగ్ వచ్చాక మ్యాచ్ ఆపడానికి ఆరు నిమిషాలు ఆలస్యం చేశామని ఆ స్టేషన్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అదృష్టవశాత్తు ఆ రాత్రి ఎవరూ చనిపోలేదు. మ్యాచ్ మధ్యలో అడ్డొచ్చారని స్టేషన్లని తిట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, తిట్టనీయండి. ఆట చూస్తున్నవాళ్లకి తెలియాల్సింది ఒకటే: ఆ చానల్‌లో పట్టీ మాత్రమే కనబడుతుంటే వెంటనే ఇంకో స్టేషన్‌కి మారాలి. ఏబీసీ 8, ఎన్‌బీసీ 5, ఫాక్స్ 4, సీబీఎస్ 11. ఈ నాలుగింట్లో ఎవరో ఒకరు పూర్తిస్థాయిలో చెబుతూ ఉంటారు.

ఇప్పుడు యాంటెన్నా. కొనండి. ఇంటర్నెట్ పోయినా పనిచేస్తుంది, నెలవారీ బిల్లు లేదు. సర్వీసుకీ చానల్ యజమానులకీ డబ్బు దగ్గర తగాదా వచ్చి లోకల్ చానల్ మాయమైపోయే గొడవా ఉండదు. ఆలస్యం కూడా తక్కువ. స్ట్రీమింగ్‌లో బొమ్మ అరనిమిషం నుంచి నిమిషం దాకా వెనకబడి వస్తుంది. గంటకి 40 మైళ్ల వేగంతో కదిలే తుఫాను 45 సెకన్లలో అరమైలు జరుగుతుంది. అయితే దీన్ని మరీ పెద్దది చేసుకోకండి. తెర మీది రాడార్ బొమ్మే ఒక్కోసారి రెండు నుంచి ఐదు నిమిషాల పాతది, ఎందుకంటే నేషనల్ వెదర్ సర్వీస్ రాడార్ ఎత్తులవారీగా తిరిగి ఒక చుట్టు పూర్తి చేయడానికి అంత సమయం పడుతుంది. అంతకంటే ప్రమాదమైన ఆలస్యం ఇంకోటుంది. ఎవరో మధ్యలో పాజ్ నొక్కి అన్నం తినడానికి వెళ్లి వచ్చి ప్లే నొక్కుతారు. అప్పట్నుంచి చూసేదంతా ఇరవై నిమిషాల కిందటి వాతావరణం. తెర మీద లైవ్ అన్న గుర్తు వెలుగుతోందా లేదా చూసి, లేకపోతే దాని మీద నొక్కి ముందుకి రావాలి.

డాలస్ పెద్ద స్టేషన్ల టవర్లన్నీ నగరానికి నైరుతిలో ఉన్న సీడార్ హిల్‌లోనే ఉన్నాయి. ఇది మనకి సుళువు, యాంటెన్నా ఒక్క దిక్కుకే తిప్పితే చాలు. ఫ్రిస్కో నుంచి దాదాపు 40 మైళ్లు, దక్షిణానికి కాస్త పడమర. సెలైనా నుంచి 50 మైళ్లు. అర్వింగ్ నుంచి 16 మాత్రమే, అక్కడ కిటికీకి అంటించే పల్చటి అట్ట లాంటి యాంటెన్నా చాలు.

ఫ్రిస్కోలో ఆ అట్ట యాంటెన్నా పెడితే ఏం జరుగుతుందంటే, 4, 5, 11 వస్తాయి, 8 రాదు. యాంటెన్నా చెడిపోయిందని వెనక్కి పంపేస్తారు. తప్పు యాంటెన్నాది కాదు, ఎంపికది. ఏబీసీ వాళ్ల డబ్ల్యూఎఫ్ఏఏ నిజంగానే 8వ చానల్ మీద, అంటే వీహెచ్ఎఫ్‌లో (పొడుగు తరంగాల బ్యాండ్) 180–186 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తుంది. మిగతా మూడూ పేరుకి 4, 5, 11 అయినా అసలు తరంగాలు యూహెచ్ఎఫ్‌లో (పొట్టి తరంగాల బ్యాండ్) ఉన్నాయి. అట్ట యాంటెన్నాలు యూహెచ్ఎఫ్‌కి సరిపోయే సైజు. 8కి కావలసిన కడ్డీ పొడవు అటూ ఇటూ చెరో 38–40 సెంటీమీటర్లు, అంటే ఒక్కోటి సుమారు పదిహేను అంగుళాలు. అందుకని డబ్బా మీద "హై వీహెచ్ఎఫ్" అని రాసి, పొడుగు కడ్డీలు కంటికి కనబడే మోడల్ తీసుకోండి. 150 మైళ్లు, 300 మైళ్లు అని డబ్బా మీద వేసే అంకెలు పట్టించుకోకండి. భూమి వంపు వల్ల అంత దూరం మామూలుగా రానే రాదు.

పెట్టే చోటు విషయంలో టెక్సస్ ఇళ్లకి ఒక చిక్కుంది. ఇక్కడి కొత్త ఇళ్లలో ఎండ వేడి ఆపడానికి పైకప్పు చెక్క లోపలివైపు అల్యూమినియం రేకు అంటిస్తారు, రేడియంట్ బ్యారియర్ అంటారు. ఆటిక్‌లోకి (పైకప్పు కింద ఉండే అటక) టార్చ్ పట్టుకుని ఎక్కి పైకి చూడండి. వెండిరంగులో మెరుస్తుంటే అక్కడ యాంటెన్నా పెట్టడం దండగ, ఆ రేకు సిగ్నల్‌ని కూడా ఆపేస్తుంది. ఎండ తగ్గించే పూత ఉన్న కిటికీ అద్దాలూ కొంత ఆపుతాయి. చెక్క మామూలుగా కనబడితే ఆటిక్ మంచి చోటు. మెరుస్తుంటే పై అంతస్తులో దక్షిణ గోడ, లేదంటే ఇంటి బయట. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఒప్పుకోరని వెనకాడొద్దు. మీ సొంత స్థలంలో టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని ఆపకూడదని ఎఫ్‌సీసీ (ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నిబంధన 1996 నుంచీ ఉంది. అద్దె అపార్ట్‌మెంట్‌లో అయినా మీకొక్కరికే చెందిన బాల్కనీలో పెట్టుకోవచ్చు. బయట పెడితే స్తంభానికి, కేబుల్‌కి ఎర్తింగ్ చేయించాలి. అది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, పిడుగుల ఊరు ఇది.

యాంటెన్నాని టీవీకి కలపడానికి ఆర్‌జీ6 రకం కేబుల్ వాడండి. ఒక సిగ్నల్‌ని రెండు టీవీలకి పంచితే సగానికి పైగా బలం పోతుంది, కాబట్టి ముందు ఒక్క టీవీకే నేరుగా కలిపి చూడండి. టీవీ మెనూలో చానల్ స్కాన్‌కి వెళ్లినప్పుడు "యాంటెన్నా" లేదా "ఎయిర్" ఎంచుకోవాలి. చాలా టీవీల్లో ముందే "కేబుల్" అని ఉంటుంది, దాంతో స్కాన్ చేసి ఏమీ రావట్లేదంటారు. స్కాన్ అయ్యాక 8.1 (యాంటెన్నాలో 8వ చానల్ నంబరు ఇలా కనబడుతుంది) పెట్టి టీవీలోని సిగ్నల్ మీటర్ చూస్తూ యాంటెన్నాని అంగుళం అంగుళం జరపండి. 8 నిలకడగా వచ్చిన చోట మిగతావి దాదాపు ఎప్పుడూ వస్తాయి. పూర్తిగా చోటు మార్చినప్పుడు మళ్లీ స్కాన్ చేయాలి. యాంప్లిఫయర్ ఆఖరి ఉపాయం, అదీ యాంటెన్నా దగ్గర పెట్టాలి, టీవీ వెనక కాదు. టవర్లకి దగ్గరున్న డంకన్‌విల్, గ్రాండ్ ప్రెయిరీ వాళ్లు యాంప్లిఫయర్ పెడితే సిగ్నల్ మరీ ఎక్కువై ఉన్న చానళ్లూ పోతాయి. ఇంకోటి: 8 ఒక్కటే సాయంత్రం పూట వణుకుతుంటే దగ్గర్లోని చవకరకం ఎల్ఈడీ బల్బులు ఆర్పి చూడండి, వాటి రొద వీహెచ్ఎఫ్‌లోనే పడుతుంది.

డిష్ ఉన్నవాళ్లకి ఒక మాట. వాన జోరైతే డిష్ బొమ్మ పోతుందని అందరికీ తెలుసు. వాన ఇంటి మీద పడకముందే పోతుందన్నది మాత్రం చాలామంది గమనించరు. డాలస్ నుంచి డిష్ చూసేది దక్షిణం వైపు, ఆకాశంలో సుమారు సగం ఎత్తుకి. ఇక్కడి తుఫానులు ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తాయి. మబ్బు మీ నెత్తి మీదికి రాకముందే డిష్ చూపుకి అడ్డం పడుతుంది. అంటే హెచ్చరిక అత్యవసరమైన పది నిమిషాల్లోనే తెర నల్లబడుతుంది. యాంటెన్నాకి వచ్చే తరంగాలని వాన అంతగా పట్టించుకోదు.

యాంటెన్నాతో పాటు రోకు లేదా ఫైర్ టీవీలో స్టేషన్ల ఉచిత యాప్‌లు కూడా పెట్టుకోండి. డబ్ల్యూఎఫ్ఏఏ ప్లస్, ఫాక్స్ లోకల్ లాంటివి కేబుల్ లాగిన్ అడగవు. అసలు చానల్‌లో మ్యాచ్ నడుస్తున్నా వాతావరణం నిరంతరంగా అక్కడ చెప్పే సందర్భాలుంటాయి. వెదర్ చానల్ పేరుతో దేశమంతటికీ ఒకటే ప్రసారం చేసే చానళ్లని మాత్రం దీనికి నమ్ముకోవద్దు. వాళ్లకి అదే సమయంలో ఆర్కన్సా, మిస్సిసిపీ కూడా ఉంటాయి.

ఇక లేపే పని. టోర్నడో వార్నింగ్ వస్తే ఫోన్ గట్టిగా అరుస్తుంది. సివియర్ థండర్‌స్టార్మ్ వార్నింగ్ అన్నిటికీ అరవదు. 2021 ఆగస్టు నుంచి "డిస్ట్రక్టివ్" అన్న ముద్ర ఉన్న వాటికే, అంటే గాలి గంటకి 80 మైళ్లు లేదా వడగళ్లు 2.75 అంగుళాలు దాటితేనే ఫోన్‌కి పంపుతున్నారు. అంతకంటే చిన్న వడగళ్లు చాలు మీ కారు అద్దం పగలడానికి, దానికి ఫోన్ మోగదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, అన్నిటికంటే కింద గవర్నమెంట్ అలర్ట్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయా చూడండి. అమ్మానాన్నగార్ల ఫోన్లు ఇండియా సిమ్ తీసేసి ఉత్త వైఫై మీద నడుస్తుంటే వాటిని నమ్మొద్దు. ఈ అలర్ట్ సెల్ టవర్ నుంచి వస్తుంది, వైఫై నుంచి కాదు. ఇక్కడి సిమ్ ఒకటి వేసి ఇవ్వండి. రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టే అలవాటుంటే మాన్పించండి.

వెదర్ రేడియో ముప్పై నలభై డాలర్లలో వస్తుంది. మిడ్‌ల్యాండ్ డబ్ల్యూఆర్120 అందరూ వాడేది, కరెంటు పోతే మూడు ఏఏ బ్యాటరీల మీద నడుస్తుంది. డాలస్ ప్రసారం 162.400, ఫోర్ట్‌వర్త్ ప్రసారం 162.550 మెగాహెర్ట్జ్. రెండూ విని, మీ ఇంట్లో ఏది స్పష్టంగా ఉంటే దాన్ని పెట్టండి. కౌంటీ కోడ్ వేయకుండా వదిలేస్తే ఎక్కడెక్కడి వార్నింగులకో మోగి మోగి, విసుగొచ్చి రెండో వారానికి ప్లగ్ పీకేస్తారు. కోడ్‌లు ఇవి: కాలిన్ 048085, డెంటన్ 048121, డాలస్ 048113, టారెంట్ 048439. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది. మీ ఇల్లు కాలిన్‌లో ఉన్నా డెంటన్ కోడ్ కూడా వేయండి, ఎందుకంటే మీకొచ్చే తుఫాను ముందు డెంటన్ కౌంటీ మీదుగానే వస్తుంది. బుధవారాల్లో వచ్చే వారపు పరీక్షకి కంగారుపడొద్దని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. కొన్నాళ్లు ఆ పరీక్ష రాకపోతే రేడియో సరిగ్గా అందుకోవట్లేదని అర్థం.

ఈ రేడియో కౌంటీ మొత్తానికి కలిపి మోగుతుంది. అసలు వార్నింగ్ మాత్రం 2007 అక్టోబర్ నుంచి కౌంటీ హద్దుల ప్రకారం ఇవ్వట్లేదు, మ్యాపు మీద గీసిన బహుభుజి ఆకారం లోపలికే వర్తిస్తుంది. కాలిన్ తూర్పు చివర ఫార్మర్స్‌విల్ దగ్గర టోర్నడో ఉన్నా మీ రేడియో మోగుతుంది, అది అప్పటికే మిమ్మల్ని దాటి వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకే రేడియో మోగాక టీవీ పెట్టాలి.

టీవీ పెట్టాక ఏం చూడాలో అమ్మానాన్నకి ముందే నేర్పండి. తీరాంధ్ర నుంచి వచ్చినవాళ్లయితే తుఫాను అంటే రెండు మూడు రోజుల ముందే విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం నుంచి కబురు, రేవుల్లో ప్రమాద సూచికలు, అన్నీ సర్దుకునే వ్యవధి. ఇక్కడ టోర్నడో వార్నింగ్‌కీ అది మీద పడటానికీ మధ్య పది నిమిషాలు అటూ ఇటూ, ఒక్కోసారి అదీ ఉండదు. టీవీలో "వాచ్" అని వస్తే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని, అది ఓక్లహామాలోని నార్మన్ నుంచి ఇస్తారు, పదుల కౌంటీలకి, గంటలకొద్దీ ఉంటుంది. అప్పుడు చేయాల్సింది ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడం, తెలుగు చానల్ ఆపి లోకల్ చానల్ పెట్టుకోవడం, అంతే. "వార్నింగ్" అని వస్తే, అది నేషనల్ వెదర్ సర్వీస్ ఫోర్ట్‌వర్త్ ఆఫీసు ఇచ్చేది, చిన్న ప్రాంతానికి, మామూలుగా అరగంట నుంచి ముప్పావు గంట.

తెర మీద ఎర్ర గీతల పెట్టె టోర్నడో వార్నింగ్. పసుపు లేదా నారింజ సివియర్ థండర్‌స్టార్మ్, ఆకుపచ్చ వరద. వాచ్‌లకి ఒక్కో స్టేషన్ ఒక్కో రంగు వేస్తుంది, అవి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మ్యాపులో వీధుల పేర్లుండవు, ఊళ్లూ హైవేలే ఉంటాయి. అందుకని కాగితం మీద మీ ఇల్లు చుక్కగా పెట్టి, చుట్టూ 380, 121, డాలస్ నార్త్ టోల్‌వే, హైవే 75 గీసి, ఉత్తరాన ప్రాస్పర్, పడమర లిటిల్ ఎల్మ్, నైరుతిలో ది కాలనీ, లూయిస్‌విల్ అని తెలుగులో రాసి టీవీ పక్కన అంటించండి. యాంకర్ ఇంగ్లీషు వేగం అందకపోయినా ఈ పేర్లు చెవిన పడతాయి. లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ పేర్లు వినబడితే మన వైపే వస్తోందని లెక్క. ప్రాస్పర్ దాటి మెకినీ అంటుంటే చాలావరకు మనల్ని దాటినట్టే. చాలా స్టేషన్లు తుఫాను ముందు బాణం గీసి, పక్కన ఊళ్ల పట్టిక వేసి, ఒక్కో ఊరి ఎదురుగా చేరే సమయం వేస్తాయి. ఫ్రిస్కో ఎదురుగా 7:31 అని ఉంటే 7:31కి లేవమని కాదు. ఆ లెక్క తుఫాను మధ్య భాగానిది, గాలీ వడగళ్లూ ముందే వస్తాయి.

ఎర్రటి రంగూ ఆకుపచ్చ రంగూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్న బొమ్మ చూపిస్తే అది వాన మ్యాపు కాదు, గాలి వేగం మ్యాపు. ఒక రంగు రాడార్ వైపు వస్తున్న గాలి, ఇంకోటి దూరంగా పోతున్న గాలి. రెండూ పక్కపక్కనే బిగుసుకుని ఉంటే అక్కడ గాలి తిరుగుతోందని. "డెబ్రి" అన్న మాట వినబడితే రాడార్‌కి వాన చినుకులు కాని వస్తువులు గాల్లో కనబడుతున్నాయని, అంటే టోర్నడో నేల మీద ఉండి ఏదో పగలగొడుతోందని. ఆ మాట విన్నాక మీరు ఆ దారిలో ఉంటే ఇంక టీవీ చూడొద్దు. ఇక్కడి ఇళ్లకి బేస్‌మెంట్లు ఉండవు. కింది అంతస్తులో కిటికీ లేని బాత్రూమో, మెట్ల కింద గదో ముందే ఎంచి ఉంచండి. చెప్పులు, ఫోన్, రేడియో అక్కడికే. పిల్లల సైకిల్ హెల్మెట్లు ఉంటే పెట్టుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే రాడార్ ఫొటోలు చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. మూలన సమయం ఉంటుంది, చూడండి. చాలాసార్లు అరగంట పాతదో, ఏకంగా నిరుటిదో.

సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం పెట్టింది, ఇంట్లో నిద్రపోతున్నవాళ్లకి వినబడాలని కాదు. ఈ ప్రాంతంలో చాలా ఊళ్లు టోర్నడోకే కాక 70 మైళ్ల గాలికి, ఒకటిన్నర అంగుళం వడగళ్లకీ మోగిస్తాయి. మొన్న మీకు మోగింది అందుకేనేమో చూడండి. నెల మొదటి బుధవారం ఎండ కాస్తుండగా మోగితే చాలా ఊళ్లలో అది పరీక్షే.

కరెంటు పోతే టీవీ, రౌటర్ రెండూ పోతాయి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెడితే ఇంటర్నెట్ కాసేపు నిలబడొచ్చు, అదీ వీధిలోని పరికరాలకి కరెంటుంటేనే. 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ 60–80 వాట్లు తీసుకుంటుంది. 300 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ) ఉంటే యాంటెన్నాతో మూడు గంటలు చూడొచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే కారు రేడియోలో ఏఎం 1080 కేఆర్ఎల్‌డీ పెట్టుకోండి, కారు గరాజ్‌లో ఉంటే తలుపు తెరిచి ఉన్నా సరే ఇంజిన్ మాత్రం వేయొద్దు.

కేబుల్ మళ్లీ పెట్టించుకోవాలా అంటే, కేవలం దీని కోసమైతే అక్కర్లేదు. ముందు ఇవాళే ఏరియా సరిచేసి, ఈ వారంలో రేడియో కొని రెండు కోడ్‌లూ వేయండి. యాంటెన్నా వారాంతంలో పెట్టుకోవచ్చు. పెట్టాక రిమోట్‌లో ఇన్‌పుట్ బటన్ నొక్కి 8.1కి రావడం అమ్మానాన్న చేత మీ ఎదురుగా నాలుగైదుసార్లు చేయించండి. ఆటిక్‌లో రేకు మెరుస్తోందో లేదో, 8 మీద మీటర్ ఎంత చూపిస్తోందో ఇక్కడే రాస్తే ఏ సైజు యాంటెన్నా సరిపోతుందో చెప్పొచ్చు.